రాసే మేడం

“రేపు మనూరికి రాసే మేడం వస్తది అత్తా!” అని దుర్గ దడి అవతలి నుంచి కేకేసేసరికి, ఇప్పపూలు చెరుగుతున్న నాగక్క చేతిలో చేట ఆగిపోయింది.

దుర్గ సంబరంగానే చెప్పింది. ఆమె నాగక్క మొగుడు జంపయ్యకు అక్క కూతురు, ఊరికి ఆశా వర్కరు. మీటింగులకని చర్లకూ భద్రాచలానికీ పోయొచ్చే పిల్ల. ఆ పిల్ల లెక్కలో రాసే మేడం అంటే పుస్తకాలు రాసే మేడం. ఆ ఇప్పలగుంపు ఊళ్లో మిగతా వాళ్లకు మాత్రం రాయడమంటే అర్థం ఒక్కటే. ‘జంపయ్య మీద రాసిన్రు’ అంటే అడవి కొట్టాడని కేసు పెట్టారని. ‘పేరు రాసుకపోయిన్రు’ అంటే ఇక ఆ మనిషి వాయిదాలకు తిరిగి చెప్పులు అరగదీసుకోవాల్సిందేనని. ‘రాయకుండ పోయిండు’ అంటే ఫారెస్టు బీటు సారు పెరట్లో పుంజుతో సరిపెట్టుకున్నాడని. బళ్లో పిల్లలు పలక మీద చేసే పనిని కూడా ఆ ఊళ్లో దిద్దుడు అంటారే గాని రాసుడు అనరు. అంత పాడు మాట అది.

“ఏం రాస్తదట?” అంది నాగక్క.

“మన గురించే. పోడు గురించి, అడవి గురించి. నవలంట అత్తా, పెద్ద కథ. నాలుగు రోజులు మా ఇంట్లనే ఉంటది. అందర్ని అడిగి తెలుసుకుంటదట.”

“అందర్ని అడిగి తెలుసుకొని, అప్పుడు రాస్తది,” అని నాగక్క ఆ మాటను నోట్లో ఒకసారి తిప్పి చూసుకుంది. “మంచిగనే ఉంది.”

మంచిగా ఏమీ లేదు. జంపయ్య తండ్రి దున్నిన చేను వాగు పక్కన ఉంది. మొన్నమొన్నటి దాకా అదంతా ఒకటే చేను. ముందటేడు ఫారెస్టు వాళ్ల జేసీబీ వచ్చి దానికి నడిమధ్యన కందకం తవ్విపోయింది. కందకానికి ఇవతలిది మీది, అవతలిది ప్లాంటేషను అన్నారు. అవతల టేకు మొక్కలు నాటారు. జంపయ్య గట్టున కూర్చుని ఏడ్చాడు. నాగక్క ఏడవలేదు. ఆ ఎండాకాలం గొడ్డలి భుజాన వేసుకుని మిట్ట మీదికి పోయి, కింద వాళ్లు లాక్కున్నంత మేర పైన అడవి కొట్టి చెలక చేసింది. ఒక్క అడుగు ఎక్కువ కొట్టలేదు. ఆమె మనసులో అది న్యాయం, చట్టంలో అది నేరం. చిక్కంతా అక్కడే ఉంది. కందకం అన్యాయం ఎవరికైనా చెప్పుకుందామా అంటే, కందకం చూడ్డానికి వచ్చినవాడు ఇంకో నాలుగడుగులు వేసి మిట్ట ఎక్కకుండా పోతాడా? ఎక్కాడంటే జంపయ్య లోపలికే. గొడ్డలి ఎవరు పట్టినా కేసు మగవాడి పేరు మీదే రాస్తారు, అతని మీద పాతదొకటి నడుస్తూనే ఉంది. అందుకని నాగక్క ఆ కడుపుమంటను కడుపులోనే పెట్టుకుంది. పై చెలక ఎవరు కొట్టారో ఊళ్లో అందరికీ తెలుసు, ఊరి బయట ఒక్కరికీ తెలియదు. బీటు సారు అదే ఆరా తీస్తూ తిరుగుతున్నాడు.

మర్నాడు ఆ మేడం దిగిన బండిని చూశాక నాగక్క అనుమానం కాస్తా నమ్మకమే అయింది. ఆమె దిగింది ఫారెస్టు వాళ్ల జీపులోంచి. బీటు సారు తనే ముందు దిగి, ఆమె బ్యాగు చేతికందించాడు. ఆమె “థాంక్యూ సార్, మీ మేలు మర్చిపోను” అంది. గుంపు గుంపంతా దడుల వెనక నిలబడి చూసింది.

“చర్లలో ఆటో దొరకలేదు దుర్గా. ఎండలో నిలబడి నిలబడి కాళ్లు పీకాయి. ఈయనెవరో పాపం ఎక్కించుకున్నారు. మంచాయన, దారంతా ఒకటే కబుర్లు,” అంది వచ్చినామె.

మంచాయన అన్న మాటకు నాగక్క పక్కకు తిరిగి ఉమ్మేసింది.

పేరు రాజ్యశ్రీ అట. పెనుబల్లి దగ్గర పెద్ద రైతుల బిడ్డ, ఉండేది ఖమ్మంలో. నలభైకి ఇవతలి మనిషి. మెడలో నల్లపూసలు, కాళ్లకు బూట్లు, మొహాన చెమటా నవ్వూ కలిసి ఉన్నాయి. మిరపకాయ కోతకు కూలికి పోయినప్పుడు ఆ వైపు ఆడవాళ్లను నాగక్క చూసే ఉంది. గట్టు మీద నీడలో నిలబడి, తొడిమ ఊడకుండా కొయ్యండమ్మా అని చెప్పేవాళ్లు. మంచినీళ్లు పోసేవాళ్లు, పొయ్యకపోతే అబద్ధం. కాని వాళ్లలో ఒక్కరూ ఎన్నడూ ‘వంగి వంగి నడుం నొప్పి పుడితే ఎక్కడి నుంచి మొదలవుతుంది’ అని అడగలేదు. ఈమె అడిగేవన్నీ అలాంటివే.

సాయంత్రం పందిరి కింద మంచం వాల్చి కూర్చోబెడితే మొదటి ప్రశ్నే అలాంటిది.

“నాగక్కా, పచ్చి చెట్టు మీద గొడ్డలి దెబ్బ పడితే ఎలాంటి వాసన వస్తుంది?”

వాసన దేనికి అనుకుంది నాగక్క. పచ్చిదో ఎండుదో తెలిస్తే ఎప్పుడు కొట్టిందీ తెలుస్తుంది కాబోలు. చదువుకున్నవాళ్లు సూటిగా రారు, ఇలాగే చుట్టు తిరిగి వస్తారు.

“మాకు గొడ్డలే లేదు మేడం,” అంది.

ఆమె వీపు వెనకే గుమ్మానికి ఆనించి గొడ్డలి ఉంది. పొద్దున్నే నూరింది, అంచు తళతళలాడుతోంది. రాజ్యశ్రీ చూపు దాని మీదికి పోయింది, తిరిగి నాగక్క మొహం మీదికి వచ్చింది. “అవునా,” అని ఊరుకుంది. ఆ ఊరుకోవడం చూసి నాగక్కకు ఇంకా భయం వేసింది.

“మీరు చెప్పేవి ఫోనులో రికార్డు చేసుకోనా? మీ మాట తీరు మర్చిపోతానని.”

“చేసుకోండ్రి. మా కాడ దాచేదేముంది?”

రాజ్యశ్రీ ఫోను మంచం మీద పెట్టింది. కాసేపు ఇప్పపూల గురించి, కోడిపిల్లల గురించి అడిగింది. ఆ తరవాత చెయ్యెత్తి మిట్ట వైపు చూపింది.

“ఆ పైన చెట్లు లేకుండా ఖాళీగా కనపడుతోందే, అదేంటి?”

‘వచ్చింది అసలు దానికి’ అనుకుంది నాగక్క. అనుకున్నంతసేపు కూడా పట్టలేదు, మాట దానంతటదే నోట్లోంచి వచ్చేసింది.

“అదా? అది పిడుగు వడ్డ జాగ మేడం. తెల్లారేసరికి అంతా కాలి బూడిదైంది. మా అత్త బతికున్నప్పటి ముచ్చట. గా మంటల్లకెల్లి ఒక దుప్పి కాలు కాల్చుకొని కుంటుకుంట మా వాకిట్లకే వచ్చింది. మనిషిని చూస్తే ఉరికే జీవం, మా అత్త ముందటొచ్చి పండుకుంది. మా అత్త పసుపూ, యాప నూనే కలిపి కట్టు కట్టింది. మానిందాక ఉండి మళ్ల అడవిల కలిసింది.”

నాగక్కకే ఆశ్చర్యం వేసింది. అబద్ధం ఇంత సులువా! అత్త మాట తప్ప అందులో ఒక్కటీ నిజం కాదు. ఆ అత్తకు పసుపు కొమ్ము ఒక్కటి ఎవరికైనా ఇవ్వాలంటే ప్రాణం పోయేది. ఎదురుగా చూస్తే రాజ్యశ్రీ కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. లేని దుప్పి కోసం ఏడుస్తోందీమె. నాగక్కకు కొంచెం గర్వమూ, కొంచెం సిగ్గూ కలిగాయి. మరుక్షణం ఆ నీళ్లూ నటనేమోనని అనిపించింది.

రెండో రోజు పొద్దెక్కి ఇప్పపూల గంపతో నాగక్క ఇంటికి వచ్చేసరికి, పందిరి కింద మంచం మీద జంపయ్య కాళ్లు ముడుచుకుని దర్జాగా కూర్చుని ఉన్నాడు. ఎదురుగా రాజ్యశ్రీ. మధ్యలో ఆ ఫోను. జంపయ్య మాట్లాడటం ఊళ్లో ఎవరూ పెద్దగా విన్నది లేదు. మాట్లాడితే ఎవరు వింటారులే అనుకునే మనిషి. అలాంటివాడు చేతులు తిప్పుతూ చెబుతున్నాడు.

“నిలువెత్తు లోతు తవ్విన్రు మేడం. మా నాయన పాతిన గట్టురాయి గూడ మట్టిల కలిపిన్రు. నేనేం జేస్త, ఏడ్చిన. మా ఆమె ఊకుంటదా? గొడ్డలి భుజానేసుకుని మిట్టెక్కింది. ఒక్కతే. మోదుగులు, మద్దులు, అన్నీ ఒక్కతే కొట్టింది. మొగోళ్లు చూసి బిత్తరపోయిన్రు...”

నాగక్క నెత్తిమీది గంప దభీమని కింద పడింది. పూలన్నీ వాకిట్లో దొర్లాయి. ఆమె కోయ భాషలో మొగుణ్ని తిట్టిన తిట్లు రాజ్యశ్రీకి అర్థం కాకపోయినా, అవి తిట్లని మాత్రం అర్థమైంది. ఫోను తీసుకుని లేచి నిలబడింది.

“నాగక్కా, ఆయన తప్పేం లేదు, నేనే...”

“మీకేం గాదు మేడం. ఇది మా ఇంటి ముచ్చట,” అంది నాగక్క తెలుగులోకి వచ్చి. మొహాన నవ్వు కూడా తెచ్చుకుంది.

రాజ్యశ్రీ దుర్గ ఇంట్లోకి పోయాక జంపయ్య గొణిగాడు. “మన దుర్గ దోస్తు గద. మంచిగ అడిగింది. నేనెన్నడన్న మాట్లాడితే గట్ల విన్నరా ఎవరన్న?”

“జీపుల దిగిన దోస్తు! నీ గొంతు దాని ఫోనుల ఉంది. రేపు కోర్టుల అదే వినిపిస్తరు, నీ ముచ్చట నీకే. అప్పుడు దర్జగ కూసొని విను.”

జంపయ్య మొహం పాలిపోయింది. నాగక్క వంగి పూలు ఏరుకోవడం మొదలుపెట్టింది. మట్టి అంటిన పూలను ఒక్కొక్కటే నోటితో ఊదుతూ గంపలో వేసింది.

ఆ సాయంత్రం వాగు నుంచి నీళ్ల బిందెతో వస్తూ ఇంకోటి చూసింది. కందకం గట్టున రాజ్యశ్రీ నిలబడి ఉంది. పక్కన బీటు సారు. ఆమె ఏదో చెబుతుంటే అతను తల ఊపుతున్నాడు. ఇద్దరూ ఒకసారి మిట్ట వైపు చూశారు. దూరం నుంచి మాటలు వినపడలేదు గాని, బీటు సారు నవ్వు మాత్రం వినపడింది. నాగక్క బిందె దించకుండానే అక్కడే నిలబడిపోయింది. తెల్లారేలోగా ఆ ఫోను ఊళ్లో లేకుండా చెయ్యాలనుకుంది.

ఇప్పపూలు ఏరడానికి చీకటి విడవకముందే పోవాలి. ఎండ వచ్చిందంటే చీమలూ పశువులూ మనకు మిగల్చవు. రాజ్యశ్రీ తానూ వస్తానని ముందు రోజే అంది. దుర్గ ఆమెకు ఒక బుట్ట ఇచ్చింది. ముగ్గురూ ఊరు దాటబోతుండగా నాగక్క “నా గంప మరిచిన, మీరు నడువుండ్రి” అని వెనక్కి తిరిగింది. దుర్గ ఇంట్లో ఫోను చార్జింగు పెట్టి ఉంది. లాగి కొంగులో చుట్టుకుని తన వాకిట్లోకి వచ్చింది. వాగులో పారేద్దామనుకుంది గాని అంత దూరం పోయి రావడానికి పొద్దు లేదు. వాకిట్లో పరిచిన బరకం పట్టా మీద ఎండిన ఇప్పపూల కుప్ప ఉంది. అందులో మోచేతి దాకా దూర్చి ఫోనును అడుగున పెట్టింది. పైన పూలు సర్ది, అరచేత్తో చదును చేసి, గంప ఎత్తుకుని పరుగెత్తింది.

చెట్టు కింద ఆకులన్నీ ముందే ఊడ్చి కాల్చి శుభ్రం చేసి ఉన్నాయి. నల్లటి బూడిద మీద పూలు తెల్లగా రాలి ఉన్నాయి. రాజ్యశ్రీ వంగి ఏరడం మొదలుపెట్టింది. మొదట్లో రెండు వేళ్లతో పట్టుకుని ముత్యాల్లా ఏరింది. తరవాత నాగక్కను చూసి పిడికిళ్లతో ఎత్తింది. చేతులు జిగురయ్యాయి. ముంజేతికి ముల్లు గీరుకుని ఎర్రగా తేలింది. తేనెటీగలు చెవుల చుట్టూ ముసిరితే ఆగి చూసింది.

“ఎండిన పూలకు కూడా వస్తాయా ఇవి?”

“వస్తయ్. వాకిట్ల ఆరబోసినంక కూడ ఇడువయ్. తీపి గద.”

నాగక్క పొడిపొడిగా చెప్పింది. ఈమె ఇంత కష్టపడి పూలేరడం దేనికి? నటిస్తే ఇంత నడుం వంచి నటిస్తారా? అని ఒకసారి అనిపించింది. బీటు సారు నవ్వు గుర్తొచ్చి ఆ మాటను మనసులోంచి తీసిపారేసింది.

తిరిగి వచ్చాక ఫోను కనపడక దుర్గ ఇల్లంతా తలకిందులు చేసింది. మంచం కింద, బియ్యం డబ్బా వెనక, గూట్లో కోళ్ల కింద కూడా వెతికింది. తన ఫోనుతో కొట్టి చూద్దామంటే సిగ్నలు లేదు. “మనూళ్ల దొంగతనం ఎన్నడన్న జరిగిందా అత్తా? నా పరువు పోయింది” అని కళ్లనీళ్లు పెట్టుకుంది. నాగక్క చీర సర్దుకుంటూ “పిల్లలెవరన్న తీసిన్రేమో” అంది. రాజ్యశ్రీ వచ్చి నాగక్క వాకిట్లో బరకం పక్కన కూలబడింది. ఆమె మొహంలో కోపం కంటే దిగులే ఎక్కువ ఉంది.

“ఫోను పోతే పోయింది, అందులో మీ గొంతులున్నాయి,” అంది చివరికి.

ఉన్నాయనే కదా దాచింది అనుకుంది నాగక్క.

అప్పుడే బీటు సారు బండి వచ్చి దడి దగ్గర ఆగింది. అతను బండి దిగి, నాగక్కను చూడనట్టే చూసి, నేరుగా రాజ్యశ్రీని పలకరించాడు.

“మేడం గారూ, ఏం సంగతి? నిన్న సాయంత్రం అన్నరు గద, మిట్ట మీది చెలక గురించి అద్భుతమైన కథ దొరికిందని. ఎవరి గొంతో ఫోనుల ఉందంటిరి. రాత్రి నిద్ర వట్టలే నాకు. జర వినిపించుండ్రి.”

రాజ్యశ్రీ మొహంలో రంగు మారడం నాగక్క చూసింది. చేతిలో ఉన్న కుండ జారిపోయాక గాని అది చేతిలో ఉందని తెలియని మనిషి మొహంలా అయింది.

“ఫోను... కనపడటం లేదు సార్. పొద్దున్నుంచి వెతుకుతున్నాం.”

“గంతేనా? మీ నంబరు ఉంది గద నా కాడ. కొడితే సరి,” అంటూ అతను తన ఫోను తీశాడు.

ఆ గూడెంలో సిగ్నలు ఒక గడియ ఉంటే ఇంకో గడియ ఉండదు. ఇప్పుడు కూడా ఉండకూడదని నాగక్క తెలిసిన దేవతలందరికీ మొక్కింది. ఏ దేవతా వినలేదు. ఇప్పపూల కుప్ప అడుగు నుంచి బుర్రుమని సన్నటి చప్పుడు వచ్చింది. ఆగింది. మళ్లీ వచ్చింది. కుప్ప మీది పూలు రెండు కదిలి జారాయి. రాజ్యశ్రీ తల గిరుక్కున తిరిగింది. కుప్పను చూసింది. నాగక్కను చూసింది. దాచడానికి నాగక్క మొహంలో ఇంకేమీ మిగల్లేదు.

‘చెప్తది. ఇగ చెప్తది’ అనుకుంది. జంపయ్య పోలీసు వాళ్ల మధ్య నడిచిపోవడం అప్పుడే కళ్లకు కట్టింది.

“ఏందా చప్పుడు?” అన్నాడు బీటు సారు, దడి లోపలికి ఒక అడుగు వేసి.

“తేనెటీగలు సార్!” అంది రాజ్యశ్రీ. చటుక్కున పక్కనున్న చేట లాక్కుని, కుప్పలోంచి పూలు ముంచి గరగరా చెరగడం మొదలుపెట్టింది. “దగ్గరికి రాకండి. ఎండిన పూలకు కూడా వస్తాయి, తీపి కదా. పొద్దున ఒకటి నన్ను కుట్టేసింది, ఇదిగో చూడండి.” ముల్లు గీరిన ముంజేతిని ఎత్తి చూపించింది.

చెరగడం ఆమెకు బొత్తిగా రాదు. చేటను ఎగరేస్తే పూలు ముందుకీ దుమ్ము మొహానికీ వస్తున్నాయి. పూల పొట్టు లేచి బీటు సారు చొక్కా మీద పడింది. అతను దులుపుకుంటూ అడుగు వెనక్కి వేశాడు. పూల గలగలలో ఆ బుర్రుమనే చప్పుడు కలిసిపోయింది.

“రింగైతనే ఉంది, ఎవరూ ఎత్తుతలేరు,” అని అతను ఫోను చెవి నుంచి తీశాడు. “పోనియ్యుండ్రి. కథ మీకు యాదుంటది గద? నోటితోటే చెప్పుండ్రి. మిట్ట మీది చెలక ఎవరు కొట్టిన్రట?”

రాజ్యశ్రీ చేట ఒళ్లో పెట్టుకుంది. ఊపిరి తీసుకుంది.

“ఎవరూ కొట్టలేదు సార్. అది పిడుగు పడ్డ జాగా. జంపయ్య గారి అమ్మ బతికున్న రోజుల్లో పడిందట. ఆ మంటల్లోంచి ఒక దుప్పి కాలు కాల్చుకుని ఈ వాకిట్లోకే వచ్చిందట...”

దుప్పి కథ మొత్తం చెప్పింది. పసుపూ వేప నూనే చెప్పింది. కట్టు కట్టిన చేతులు చెప్పింది. నాగక్క చెప్పని మాటలు కూడా చెప్పింది. కాలు మానాక దుప్పి వాగు దాటి, అవతలి గట్టున ఆగి, తిరిగి ఒకసారి ఈ ఇంటి వైపు చూసిందట. అది మళ్లీ వస్తుందేమోనని ముసలామె బతికినన్నాళ్లూ దడికి తలుపు పెట్టనివ్వలేదట. అందుకే ఈ ఇంటి దడికి ఇప్పటికీ తలుపు లేదట. నాగక్క దడి వైపు చూసింది. నిజంగానే తలుపు లేదు. చెదలు తినేసిన తలుపును నిరుడే పొయ్యిలో పెట్టారు.

“గీ దుప్పి కథనా మేడం అద్భుతమంటే?” బీటు సారు విసుక్కున్నాడు. “నేనింకేందో అనుకున్న.”

“మా పని అంతే సార్, మాకు ఇలాంటివే కావాలి.”

అతను నాగక్క వైపు ఒక చూపు పారేసి, బండి తిప్పుకుని పోయాడు. చప్పుడు వాగు అవతలికి పోయింది.

రాజ్యశ్రీ కుప్పలోకి చెయ్యి పెట్టి ఫోను బయటికి తీసింది. జిగురంటి, పూలరేకులు అతుక్కుని ఉంది. దాన్ని తన చొక్కా అంచుకే తుడిచి నాగక్క చేతికిచ్చింది.

“నిన్న ఆయనకు చెప్పింది ఏ కథ?” నాగక్క నిలదీసినట్టే అడిగింది.

“జంపయ్య గారు చెప్పిందే. పేరు చెప్పలేదు. మిట్ట మీది చెలకకు ఒక గొప్ప కథ ఉంది, ఫోనులో ఉంది అన్నాను. అంత మాట చాలని తెలియలేదు. దొరికిందన్న సంబరంలో వాగేశాను. తప్పు నాదే నాగక్కా.”

“మరి దుప్పి ముచ్చట నమ్మినవా నువ్వు?”

“పిడుగు చెలక కొలిచినట్టు నాలుగు మూలలూ చూసుకుని పడుతుందా?” రాజ్యశ్రీ చిన్నగా నవ్వింది. “అబద్ధమని తెలుసు. అయినా ఏడుపొచ్చింది. దుప్పి మాత్రం చాలా బాగుంది.”

తన నోట ‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చిందని నాగక్క గమనించలేదు. రాజ్యశ్రీ ఆమె వేలు పట్టుకుని ఫోను మీద చూపింది. ఇక్కడ నొక్కితే వినపడుతుంది, అక్కడ నొక్కితే పోతుంది. నాగక్క ముందు వినపడేది నొక్కింది. జంపయ్య గొంతు వచ్చింది. ‘మా ఆమె ఊకుంటదా? గొడ్డలి భుజానేసుకుని మిట్టెక్కింది. ఒక్కతే...’

ఇన్నేళ్ల కాపురంలో ఆ మనిషి ఆమెతో ఒక్కనాడూ ఆ మాట అనలేదు. చెట్లు కొట్టి అరచేతులు బొబ్బలెక్కిన రోజు కూడా, కూర మాడింది అనే అన్నాడు. గంప పడ్డ చప్పుడు దాకా, తన తిట్లు మొదలయ్యేదాకా నాగక్క కదలకుండా విన్నది. మళ్లీ ఒకసారి మొదటి నుంచి విన్నది. కొంగుతో మొహం తుడుచుకుని, అప్పుడు పోయేది నొక్కింది.

“ఇంకేడన్న ఉందా?”

“నా తలలో ఉంది.”

“దాన్ని ఎవరు గుంజుతరు తియ్,” అని నాగక్క ఆమె ఒళ్లోంచి చేట తీసుకుంది. రాజ్యశ్రీ చిందరవందర చేసిన పూలను దగ్గరికి చేర్చి చెరగసాగింది. పొట్టు ఒక పక్కకూ పూలు ఒక పక్కకూ పడుతున్నాయి. అనుమానం పూర్తిగా తీరిందా అంటే తీరలేదు. అంత తేలిగ్గా తీరేదైతే ఇప్పలగుంపులో ఎవరూ ఇన్నాళ్లు బతికి ఉండరు. కాని ఈ మనిషి చేసింది కళ్లారా చూసింది. లేని దుప్పిని అడ్డం పెట్టి ఉన్న మొగుణ్ని కాపాడింది.

“నీ పుస్తకంల పేర్లు ఉంటయా?”

“మార్చేస్తా. మీ పేరు, ఊరి పేరు, వాగు, మిట్ట, అన్నీ మార్చేస్తా. చదివినవాళ్లు ఎంత వెతికినా ఇక్కడికి రాలేరు.”

“అన్నీ మారిస్తే ఇగ మిగిలేదేముంది?”

రాజ్యశ్రీ వేళ్లకంటిన జిగురును చొక్కాకు తుడుచుకుంది.

“కందకం మిగులుతుంది,” అంది.

నాగక్క చేట ఆపింది. దడి మీదుగా చూస్తే ఎర్రటి మట్టిగట్టు, దానవతల వరసగా టేకు మొక్కలు కనపడుతున్నాయి. చేట పక్కన పెట్టి, కాళ్లు చాపుకుని కూర్చుంది.

“ఒకామె ఉండె,” అని మొదలుపెట్టింది. “నేను గాదు. ఈ ఊరామె గాదు. పేరు కన్నమ్మ అనుకో. వాళ్ల చేన్ల కందకం తవ్విన్రు.”

రాజ్యశ్రీ ఫోను ముట్టుకోలేదు. వినడానికి దగ్గరికి జరిగింది.

“చెట్టు వాసన అడిగినవు గద మొన్న?” నాగక్క గుమ్మానికి ఆనించి ఉన్న దాని వైపు ఒకసారి చూసి, ఈసారి దాచకుండా చెప్పింది. “కన్నమ్మకు గొడ్డలి ఉండె. రాయి.”